పాత మార్టినీ రైఫిల్‌కి ఇత్తడి కేసులు: డైలో నొక్కిన ప్రతిసారీ పాడైపోతున్నాయి (టైటిల్ మార్చాం – అడ్మిన్)

#1 మార్టినీ_మావ, డల్లాస్

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా చదివి పోయేవాణ్నే, పోస్టు పెట్టడం ఇదే మొదలు.

2003లో ఖాట్మండూలో, లగన్ సిలేఖానా అనే పాత ప్యాలెస్‌లో మూలుగుతున్న తుపాకుల్ని అమెరికా వ్యాపారులు గంపగుత్తగా కొని ఇక్కడికి తెచ్చారు కదా. ఆ సరుకులోది ఒక మార్టినీ-హెన్రీ (1870ల నాటి బ్రిటిష్ సైనిక రైఫిల్) పోయిన ఏడాది నా చేతికొచ్చింది. ఇంగ్లండులో చేసిన మార్క్ 2. గన్‌స్మిత్‌కి చూపించాను. గొట్టం, దాన్ని వెనకనుంచి మూసే బ్లాక్ బాగున్నాయి, నల్లమందుతో మాత్రమే కాల్చుకో అన్నాడు.

.577/450 తూటాలు షాపుల్లో దొరకవు కాబట్టి, 24 గేజ్ ఇత్తడి షాట్‌గన్ షెల్స్ నుంచి తయారుచేసిన ఖాళీ కేసులు (మందూ గుండూ నింపుకునే తూటా గొట్టాలు) 20 కొన్నాను. కాల్చాక ఉబ్బిన కేసుని నిలువునా కొలతకి నొక్కే అచ్చు, ఫుల్ లెంగ్త్ డై, కూడా కొన్నాను. ఇక గొడవ మొదలు.

మొదటిసారి కాల్చగానే నాలుగింటికి మెడ (గుండుని పట్టుకునే పై భాగం) నిలువునా చీలింది. మిగతావాటిని డైలో నొక్కి మళ్లీ నింపాను. ఒకటి డైలోనే ఇరుక్కుంది, రిమ్ (కేసు అడుగున ఉండే అంచు) ఊడి చేతికొచ్చింది గానీ కేసు రాలేదు. మూడోసారి కాల్చాక చూస్తే ఆరు కేసులకి రిమ్ పైన ఒక మెరిసే గీత, ఉంగరం తొడిగినట్టు చుట్టూతా ఉంది. డై తేడానా, ఇత్తడి తేడానా, నేనే తేడానా? ఒక్కో కేసు ఖరీదు తలుచుకుంటే ఇంట్లో చెప్పడానికి టెన్షన్‌గా ఉంది.

#2 బిస్లీ_బుల్లోడు, సర్రే

ముందు టైటిల్ మార్చు స్వామీ. "నల్లమందు రైఫిల్‌కి కేసులు" అని పెట్టావు. నల్లమందు అంటే మన భాషలో అభిని. నల్లమందు, రైఫిలు, కేసులు మూడూ ఒకే లైన్లో చూసి ఎవరైనా వేరే రకం కేసు అనుకుంటారు.

#3 అడ్మిన్

టైటిల్ మార్చాం. ఇకనుంచి తుపాకిమందు అనో బ్లాక్ పౌడర్ అనో రాయండి.

#4 బిస్లీ_బుల్లోడు, సర్రే

ఇప్పుడు అసలు సంగతి. ఆ మెరిసే గీత ఉన్న ఆరింటినీ ఈరోజే పక్కన పెట్టెయ్, ఇంకోసారి నింపొద్దు. తల (రిమ్ ఉండే అడుగు వైపు) దగ్గర గోడ లోపలి నుంచి సన్నబడుతోందనడానికి అది గుర్తు. ఒక పేపర్ క్లిప్పు సాగదీసి, కొన కొంచెం వంచి కొక్కెంలా చెయ్. దాన్ని కేసు లోపలికి దించి, అడుగు నుంచి పైకి గోడ వెంబడి మెల్లగా లాగు. గీత ఉన్న చోట కొన టక్కున తట్టుకుందంటే లోపల గాడి పడినట్టే. ఇంకోసారి కాలిస్తే అక్కడే రెండు ముక్కలవుతుంది. పై ముక్క చాంబర్‌లో (గొట్టంలో తూటా కూర్చునే చోట) ఉండిపోతుంది, వేడి గ్యాసు వెనక్కి తంతుంది. తట్టుకోకపోయినా గీత కనిపించిందంటే నేనైతే వాడను.

నేను చూసినంతలో కారణం ఒకటే. నువ్వు ప్రతిసారీ డైని షెల్‌హోల్డర్‌కి (ప్రెస్‌లో కేసు రిమ్‌ని పట్టుకునే బిళ్ల) తగిలేదాకా దింపుతున్నావు. అవునా కాదా?

#5 మార్టినీ_మావ, డల్లాస్

అవును. డై డబ్బాలో కాగితం అలాగే చెప్పింది.

ఆరింట్లో అయిదింటికి క్లిప్పు తట్టుకుంది. చెయ్యి వణికింది.

#6 బిస్లీ_బుల్లోడు, సర్రే

కాగితం కొత్త రైఫిళ్ల కోసం రాస్తారు. 1870ల నాటి సైనిక చాంబర్ కథ వేరు. అసలు మార్టినీ తూటా గట్టి ఇత్తడిది కాదు. పల్చటి ఇత్తడి రేకుని చాపలా చుట్టి, కింద ఇనప బిళ్ల బిగించినది. ఇంగ్లండులోని వూలిచ్ ఆయుధశాలలో బాక్సర్ అనే ఆయన, అంతకుముందరి స్నైడర్ రైఫిల్ కోసం చేసిన తరహాయే. కాల్చినప్పుడు ఆ చుట్ట కొంచెం విప్పుకుని గోడకి అంటుకునేది. దుమ్ములో, వేడిలో కూడా సులువుగా దూరాలని చాంబర్‌ని వదులుగా తొలిచారు. ఆ రేకు తూటాలు 1885లో సూడాన్ ఎడారిలో ఇరుక్కుపోయి సిపాయిల ప్రాణాల మీదికి తెచ్చాకే గట్టి ఇత్తడి కేసులకి మారారు.

నీ డై ఏదో ఒక ప్రామాణిక కొలతకి చేసినది. నీ చాంబర్ దానికన్నా లావు. కాల్చినప్పుడు కేసు చాంబర్ అంత ఉబ్బుతుంది, ఇంటికొచ్చి నువ్వు డై అంత కుదిస్తావు, మళ్లీ ఉబ్బుతుంది. తీగని అటూ ఇటూ వంచితే ఏమవుతుంది? అదే అవుతోంది.

ఇంకోటి. ఇది రిమ్ ఉన్న కేసు. చాంబర్‌లో రిమ్ మీద నిలబడుతుంది, భుజం (మెడ కింది వాలు) మీద కాదు. భుజాన్ని వెనక్కి నెట్టాల్సిన పనే లేదు. నెట్టావంటే ప్రతిసారీ ఇత్తడి ముందుకు సాగి తల దగ్గర పల్చబడుతుంది.

#7 ఫాస్ట్_బౌలర్, న్యూజెర్సీ

ఇంత కష్టం ఎందుకు బ్రదర్? స్మోక్‌లెస్ పౌడర్ కొంచెమే వేసి, మిగతా ఖాళీ దూదితో నింపెయ్. పొగా ఉండదు, కడగడం కూడా ఉండదు.

#8 అడ్మిన్

పై పోస్టులో మోతాదు అంకెలు తీసేశాం. పాత బ్లాక్ పౌడర్ తుపాకుల్లో స్మోక్‌లెస్ గురించి ఈ వేదికలో సలహాలు ఇవ్వరాదు. ఇది మూడోసారి చెప్పడం.

#9 బిస్లీ_బుల్లోడు, సర్రే

ఫాస్ట్_బౌలర్, కోపం తెచ్చుకోకు. ఆ ఇనుము 150 ఏళ్ల క్రితంది. లోపల ఏ మచ్చ ఉందో పైకి కనపడదు. అది బ్లాక్ పౌడర్ ఒత్తిడిని లెక్కలో పెట్టుకుని చేసిన రైఫిల్. తూకం ఒక్కసారి తప్పినా బ్లాక్ విరిగి ముఖం మీదికి వస్తుంది. మన కుర్రాడికి పొగ కావాలి, ఆ పొగ కోసమే కదా కొన్నాడు.

#10 కంచరి_మనవడు, కొలంబస్

మెడ చీలడం గురించి నేను చెప్తా. మాది పెంబర్తి. తాత, పెదతాత ఇత్తడి రేకు మీద బొమ్మలు కొట్టేవాళ్లు. చిన్నప్పుడు నా పని కొలిమి తిత్తి ఊదడం.

సుత్తితో కొడుతూ పోతే ఇత్తడి గట్టిపడుతుంది. మొదట సుత్తి దెబ్బ మెత్తగా "దబ్" అంటుంది, గట్టిపడ్డాక "ఠంగ్" మంటుంది. ఆ ఠంగ్ వినగానే తాత రేకుని నిప్పుల్లో పెట్టేవాడు. ఇంకో రెండు దెబ్బలు కొడితే చీలుతుందని ఆయన చెవికి తెలుసు. నువ్వు కొన్న కేసులు 24 గేజ్ గొట్టాన్ని సీసా మెడలా నొక్కి చేసినవి. అది చాలా పెద్ద మార్పు. నొక్కినవాళ్లు మధ్యలో మంట మీద కాల్చి మెత్తబరచలేదు, లేదా చివర్లో ఆ పని చేయలేదు. అందుకే మొదటి పేలుడుకే చీలాయి.

మంట మీద ఎలా కాల్చాలంటే: లోతు తక్కువ ట్రేలో నీళ్లు పోసి కేసుల్ని నిలబెట్టు. కింది సగం నీళ్లలో ఉండాలి. తల దగ్గర ఇత్తడి గట్టిగానే ఉండాలి, అది మెత్తబడిందో ఆ కేసు చెత్తబుట్టకే. గదిలో లైటు తగ్గించి ప్రొపేన్ టార్చ్‌తో మెడ చుట్టూ మంట తిప్పు. లీలగా ఎరుపు తొంగిచూసిన క్షణంలో వేలితో తట్టి నీళ్లలో పడెయ్. నిప్పు కణికలా ఎర్రబడేదాకా ఉంచితే ఎక్కువైనట్టే.

#11 మార్టినీ_మావ, డల్లాస్

నీళ్లలో పడేస్తే ఇంకా గట్టిపడదా అన్నా? మెకానికల్ చదివినవాణ్ని, క్వెంచింగ్ అంటే అదే కదా నేర్పారు.

#12 లోహశాస్త్రి, విశాఖపట్నం

అది ఉక్కు సంగతి బాబూ. ఇత్తడికి వర్తించదు. తూటా ఇత్తడి అంటే 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. వేడిచేసినప్పుడే లోపలి స్ఫటికాలు కొత్తగా పుట్టి మెత్తబడుతుంది. ఆ తర్వాత నీళ్లలో ముంచినా గాలికి ఆరబెట్టినా తేడా లేదు. నీళ్లు కేవలం కింది భాగానికి వేడి పాకకుండా ఆపడానికి.

రిటైరై ఎనిమిదేళ్లయింది. తుపాకీ ఎన్నడూ ముట్టలేదు గానీ ఇత్తడి పగుళ్లంటే నాకు పాత ఇష్టం. ఒక విషయం చెప్తాను, మన దేశంలో జరిగినది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వానాకాలంలో తూటాల్ని గుర్రపుశాలల్లో భద్రపరిచేది. పొడి చోటు, పైకప్పు ఉంది, బాగానే ఉందనుకున్నారు. తీరా తీసి చూస్తే ఎవరూ కాల్చని తూటాలకి మెడల దగ్గర పగుళ్లు. చాలాకాలం అంతుపట్టలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా. చల్లగా లాగి సాగదీసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు. ఈ రెండూ కలిస్తే ఇత్తడి తనంతట తానే చీలుతుంది. దీన్నే సీజన్ క్రాకింగ్ అంటారు. తక్కువ వేడిలో కాసేపు ఉంచి ఆ బిగువు తీసేయడమే మందు.

కాబట్టి అడుగుతున్నా. కేసుల్ని దేనితో తోముతున్నారు?

#13 మార్టినీ_మావ, డల్లాస్

గురువుగారూ... ఇత్తడి పాలిష్ ద్రవంతో. సీసా మీద ఇప్పుడు చూశాను. అమ్మోనియా ఉంది.

#14 లోహశాస్త్రి, విశాఖపట్నం

దాన్ని గుమ్మం గొళ్లేనికి వాడుకోండి.

#15 కంచరి_మనవడు, కొలంబస్

😄 శాస్త్రిగారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

నేనైతే రేంజ్ నుంచి బయల్దేరేముందే ఖాళీ కేసుల్ని సబ్బునీళ్ల డబ్బాలో వేస్తా. బ్లాక్ పౌడర్ మసి తేమని లాగుతుంది, రెండు రోజులు వదిలేస్తే ఆకుపచ్చ చిలుము పట్టేస్తుంది. ఇంటికొచ్చి వేడినీళ్లలో బ్రష్‌తో లోపల తోమి, ఇంకా నల్లగా ఉంటే చింతపండు నీళ్లలో పది నిమిషాలు. మన బిందెలు తోమినట్టే.

#16 లోహశాస్త్రి, విశాఖపట్నం

పది నిమిషాలే. రాత్రంతా నానబెడితే ఇత్తడి గులాబీ రంగుకి తిరుగుతుంది. పైపొరలో జింకు పోయి రాగి మిగిలిందని అర్థం. మా ఇంట్లో హారతి పళ్లెం అలాగే పాడైంది. నేనే చేశాను.

#17 కొత్తగా_వచ్చా, హైదరాబాద్

అందరికీ హాయ్. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ చూసినప్పటి నుంచి పిచ్చి పట్టింది. నింపే ముందు కేసుకి ఏదో కొవ్వు రాయాలని ఎక్కడో చదివాను. 1857లో గొడవ మొదలైంది కూడా తూటా కొవ్వుతోనే కదా! మన దగ్గర ఇంట్లో ఇలా చేసుకోవచ్చా?

#18 బిస్లీ_బుల్లోడు, సర్రే

చేసుకోకూడదు తమ్ముడూ. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. గ్యాలరీ చూసి ఆనందించు. ఇక్కడ బ్రిటన్‌లో కూడా ఈ కాలిబర్ తుపాకీని గోడకి తగిలించుకోవడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, కాల్చాలనుకున్న రోజున పోలీసుల దగ్గర ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే. అమెరికాలో ఫెడరల్ చట్టానికి 1898, అంతకుముందు చేసినవి ఆంటిక్ కింద లెక్క. మావకి కొనడం అంత సులువైంది అందుకే.

1857 గొడవ స్నైడర్‌కి ముందున్న ఎన్‌ఫీల్డ్‌ది. కాగితం తూటాని పళ్లతో కొరకాలి, దానికి రాసిన కొవ్వు ఆవుదా పందిదా అని. ఆ తిరుగుబాటు తర్వాత మన సిపాయిలకి తెల్ల సిపాయిలకన్నా ఒక తరం పాత తుపాకీలు ఇవ్వడం రివాజయింది. వాళ్లు మార్టినీ పట్టుకున్నాక మనవాళ్లకి స్నైడర్ దక్కింది.

డైలోకి పోయే ముందు రాసేది లానోలిన్. గొర్రె ఉన్ని నుంచి తీసేది, గొర్రెని చంపక్కర్లేదు. సందేహాలు తీరాయా?

#19 మార్టినీ_మావ, డల్లాస్

నేను లానోలిన్ స్ప్రే రెండు చుక్కలు కొట్టి వెంటనే నొక్కాను. అందుకే ఇరుక్కుందా?

#20 బిస్లీ_బుల్లోడు, సర్రే

అందుకే. స్ప్రేలోని ఆల్కహాల్ ఆరిపోవాలి. రెండు మూడు నిమిషాలు ఆగితే పల్చటి జిడ్డు పొర మిగులుతుంది, పని చేసేది అదే. నేను మైనం లాంటి సైజింగ్ వ్యాక్స్ వాడతా. చూపుడు వేలికి కొంచెం అంటించి, తలకి నూనె పట్టించినట్టు కేసు ఒళ్లంతా రుద్దడమే. భుజం మీద మాత్రం దాదాపు వద్దు. అక్కడ ఎక్కువైతే పోయే దారి లేక ఇత్తడిలో సొట్ట పడుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. ఒకటి, చాంబర్ అచ్చు తియ్. సెర్రోసేఫ్ అనే లోహం దొరుకుతుంది, మరుగుతున్న నీళ్ల వేడికే కరుగుతుంది. గొట్టంలో చాంబర్ ముందు గుడ్డ ముక్క బిగించి, కరిగించి పోసి, గట్టిపడగానే వెనక్కి నెట్టెయ్. మొదట కుంచించుకుని తర్వాత వ్యాకోచిస్తుంది, గంట తర్వాత కొలిస్తే చాంబర్ అసలు కొలత వస్తుంది. అందులో సీసం, కాడ్మియం ఉంటాయి, వంటగిన్నె వాడావంటే నీ ఖర్మ.

రెండు, డైని రెండు మూడు చుట్లు పైకి విప్పు. కాల్చిన కేసుకి మార్కర్ పెన్‌తో నిలువు గీతలు గీసి నొక్కు. మార్కర్ ఎక్కడ చెరిగిందో చూడు. మెడ దగ్గర మాత్రమే చెరగాలి. భుజం మీద చెరిగిందంటే ఇంకా పైకి విప్పు. అంతే, ఇక ఆ డైని ముట్టుకోకు. మెడ గుండుని పట్టుకుంటే చాలు, ఒంటిని కదపొద్దు. ఆ కేసు ఇక నీ రైఫిల్‌ది, ఇంకెవరి రైఫిల్‌లోనూ దూరకపోవచ్చు, దూరక్కర్లేదు కూడా.

#21 కంచరి_మనవడు, కొలంబస్

ఈసారి చేసిన కేసులు కొనకు మావా, నువ్వే చేసుకో. బ్రెజిల్ మ్యాగ్‌టెక్ 24 గేజ్ ఇత్తడి షెల్స్ 2.5 అంగుళాలు ఉంటాయి, లార్జ్ పిస్టల్ ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ) పడుతుంది. స్నైడర్‌కైతే దాదాపు కోసేస్తే చాలు. మార్టినీకి పై రెండొంతులు మంట మీద కాల్చి, వ్యాక్స్ రాసి, డైలో కొంచెం కొంచెం దింపు. ఒక్కసారే దింపితే భుజం చీర కుచ్చిళ్లలా ముడతలు పడుతుంది. సగం దిగాక తీసి మళ్లీ మంట మీద కాల్చు. చివర్లో 59.4 మిల్లీమీటర్లకి కోసి అంచు నున్నగా చెయ్. ఇంత పెద్ద డై మామూలు మరలో పట్టదు, ప్రెస్‌లోని బుష్ తీసేస్తే వచ్చే పెద్ద మర కావాలి. నీ ప్రెస్‌కి ఆ సౌకర్యం ఉందో లేదో చూసుకో.

ఆపైన భుజం నీ చాంబర్ ఆకారంలోకి రావాలంటే గుండు లేకుండా కొంచెం మందు, పైన రవ్వ నింపి, మూతికి మైనం అద్ది రేంజ్‌లోనే కాల్చాలి.

#22 మార్టినీ_మావ, డల్లాస్

రవ్వా?

#23 కంచరి_మనవడు, కొలంబస్

ఇక్కడివాళ్లు క్రీమ్ ఆఫ్ వీట్ అంటారు. మన బొంబాయి రవ్వకి అన్నలాంటిది. మా ఆవిడకి తెలియకుండా డబ్బాలోంచి తీశా. ఆదివారం ఉప్మా లేదు. ఎందుకు లేదో చెప్పాల్సి వచ్చింది.

#24 బిస్లీ_బుల్లోడు, సర్రే

ఒక్కటి మర్చిపోయాం. ఒంటిని నొక్కకపోతే కేసు లోపల చోటు పెరుగుతుంది. బ్లాక్ పౌడర్‌లో మందుకీ గుండుకీ మధ్య గాలి ఉండకూడదు. అసలు తూటాలో 85 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూకపు కొలత) మందు, 480 గ్రెయిన్ల గుండు. నీది ఎంత పడుతుందో గన్‌స్మిత్‌తో మాట్లాడి తేల్చుకో. మిగిలిన చోటు ఫెల్ట్ బిళ్లలతో నిండి, గుండు వాటిని కొంచెం అదిమి కూర్చోవాలి.

#25 మార్టినీ_మావ, డల్లాస్ (అయిదు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి.

అచ్చు తీశాను. భుజం దగ్గర నా చాంబర్ డై కన్నా దాదాపు అర మిల్లీమీటరు లావు. బిస్లీ అన్న చూడకుండానే చెప్పాడు. 24 గేజ్ షెల్స్ 15 కొని చేసుకున్నాను. మొదటి మూడు కుచ్చిళ్లే, కంచరి అన్న చెప్పినట్టే. తొందరపడ్డా. నాలుగోదాని నుంచి సగం దిగాక తీసి మంట మీద కాల్చాను, నున్నగా వచ్చింది. మంట కింద ఇత్తడి రంగు మారుతుంటే చూడటం నాకు తుపాకీ కాల్చడం కన్నా నచ్చింది, నిజం.

12 కేసులు, అయిదుసార్లు కాల్చాను. ఒక్కటీ చీలలేదు. క్లిప్పు ఎక్కడా తట్టుకోలేదు. మెడ మాత్రమే నొక్కుతున్నా. మార్కర్ పరీక్షకి రెండున్నర చుట్లు పైకి విప్పాల్సి వచ్చింది. నాలుగోసారి తర్వాత మెడలు మళ్లీ ఒకసారి మంట మీద కాల్చాను. శాస్త్రిగారూ, పాలిష్ సీసా గరాజ్ గొళ్లేనికి వాడుతున్నా.

మొదటి పేలుడు తర్వాత లేచిన పొగ అయిదారు సెకన్లు కదల్లేదు. పక్క బెంచీ పెద్దాయన వచ్చి కుళ్లిన గుడ్ల వాసన పీల్చి "ఇదే అసలు వాసన" అన్నాడు.

ఇంకో సమస్య. గుండ్లు 50 గజాల్లో కాగితానికి అడ్డంగా తగులుతున్నాయి, తాళంచెవి బెజ్జంలా పడుతోంది. గుండు సన్నమా?

#26 లోహశాస్త్రి, విశాఖపట్నం

సంతోషం బాబూ. నాలుగోసారికే మెడలు మంట మీద కాల్చడం మంచి పని. ఆ తారీఖులు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

#27 బిస్లీ_బుల్లోడు, సర్రే

సన్నమే అయ్యుంటుంది. పేరులో 450 అని ఉన్నా గొట్టం లోపలి గాడుల లోతు దాకా కొలిస్తే చాలా ఎక్కువ వస్తుంది. మెత్తటి సీసం గుండుని గొట్టంలోంచి మెల్లగా తోసి బయటికొచ్చినదాన్ని కొలువు. హెన్రీ గొట్టానికి ఏడు గాడులు, మామూలు కాలిపర్స్ ఎదురెదురుగా ఆనవు, కొలత తప్పు చూపిస్తుంది. దాని గురించి కొత్త థ్రెడ్ పెట్టు, అక్కడ తిడతా.

#28 కంచరి_మనవడు, కొలంబస్

కొత్త థ్రెడ్ టైటిల్‌లో నల్లమందు రాయకు.